పోర్ట్‌ఫోలియోలో తెలుగు ఎక్కడ?

పోయిన నెల హైదరాబాద్‌లోని ఒక డిజైన్ కాలేజీవాళ్లు ఫైనలియర్ పిల్లల పోర్ట్‌ఫోలియోలు, అంటే వాళ్లు చేసిన పనుల నమూనాలు, చూసి నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. రోజంతా కూర్చుని చూశాను. పని బాగుంది, మొహమాటానికి అంటున్న మాట కాదు. కాఫీ బ్రాండ్లు, సబ్బుల ప్యాకింగులు, నిద్ర పట్టించే యాప్‌లు, ఊహించి పెట్టుకున్న విమాన కంపెనీలకు లోగోలు, అన్నీ శుభ్రంగా, కంటికి ఇంపుగా ఉన్నాయి. రంగుల్లో తడబాటు లేదు. ఇంగ్లీషు అక్షరాల మధ్య ఖాళీని ఎంత జాగ్రత్తగా సర్దారంటే, ఈ వయసుకే ఆ కన్ను ఎలా వచ్చిందా అనిపించింది.

సాయంత్రం దాకా చూశాక ఒక సంగతి మనసులో పడింది. ఆ గోడల మీద తెలుగు దాదాపుగా లేదు. ఒకమ్మాయి మాత్రం పచ్చళ్ల బ్రాండు చేసింది. సీసా మీద పెద్దగా ఇంగ్లీషు పేరు, దాని కింద చిన్నగా 'ఆవకాయ' అని తెలుగులో. ఆ ఫాంటే ఎందుకు తీసుకున్నావమ్మా అని అడిగాను. "వెతికితే మొదట అదే వచ్చింది అక్కా, కొంచెం ట్రెడిషనల్ లుక్ కోసం పెట్టాను" అంది. పైనున్న ఇంగ్లీషు పేరుకు ఏ ఫాంటు తీసుకుందో, ఎందుకు తీసుకుందో మాత్రం చాలాసేపు వివరంగా చెప్పింది.

చివర్లో ఎప్పుడూ వచ్చే ప్రశ్నే వచ్చింది. ఉద్యోగాల్లోకి వెళ్లబోతున్నాం, ఇంకా ఏం నేర్చుకోవాలి? ఫిగ్మా అంటానో, ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అంటానో, ఏఐ అంటానో అని చూస్తున్నారు. తెలుగును సరిగ్గా కంపోజ్ చేయడం, అంటే అక్షరాలనూ వరసలనూ కుదురుగా పేర్చడం, నేర్చుకోండి అన్నాను. వెనక వరసలోంచి ఒకబ్బాయి, "దానికి మార్కెట్ ఉందా అక్కా?" అన్నాడు. వెటకారంగా అనలేదు. ఫీజులకు అప్పు చేసిన ఇంటి నుంచి వచ్చిన పిల్లవాడు అడగవలసిన ప్రశ్నే. అప్పుడు హడావుడిగా చెప్పిన జవాబు నాకే తృప్తిగా అనిపించలేదు. అందుకే తీరిగ్గా ఇది రాస్తున్నాను.

## మనం ఎవరిని చూసి నేర్చుకున్నాం

మాసబ్ ట్యాంక్‌లో అప్లైడ్ ఆర్ట్ చదివినా, మాదాపూర్ నిఫ్ట్‌లో చదివినా, అమీర్‌పేట మైత్రీవనం పక్క సందులో మల్టీమీడియా కోర్సు చేసినా, టైపోగ్రఫీ (అక్షరాల అమరిక) అనగానే చేతికొచ్చే పుస్తకాలు ఇంగ్లీషువే. హెల్వెటికా ఫాంటు 1957లో స్విట్జర్లాండ్‌లో పుట్టిందని, ఐబీఎం లోగోని చారలుగా గీసింది పాల్ రాండ్ అని, 'ఐ లవ్ న్యూయార్క్' గుర్తు మిల్టన్ గ్లేజర్‌దని ప్రతి విద్యార్థికీ తెలుసు. తెలియాలి కూడా. వాళ్ల పని చూసే నేనూ నేర్చుకున్నాను. గ్రిడ్ అంటే ఏమిటో, పేజీలో కన్ను ముందు ఎక్కడికి పోతుందో వాళ్ల వల్లే తెలిసింది.

ఆ రోజు నేనూ ఒక ప్రశ్న అడిగాను. విండోస్ ఎక్స్‌పీ కాలంలో మన కంప్యూటర్లలోకి వచ్చిన గౌతమి ఫాంటు ఎవరు చేశారు? ఎవరికీ తెలియదు. ముంబైలో ప్రొఫెసర్ ఆర్.కె. జోషి నడిపించిన బృందం చేసింది. ఆయన పెద్ద కాలిగ్రాఫర్ (అక్షరాలను చేత్తో అందంగా తీర్చే కళాకారుడు), భారతీయ లిపులన్నిటి మీదా పనిచేసినవారు, 2008లో పోయారు. కంప్యూటర్లో మొదటిసారి తెలుగు చదివిన లక్షలమందికి ఆ తెలుగు ఆయన బృందం గీసిన తెలుగే. గౌతమి అందంగా లేదని మనమంతా ఎప్పుడో ఒకప్పుడు విసుక్కున్నవాళ్లమే. దాని వెనక ఎవరున్నారో, అంత చిన్న తెర మీద ఒత్తులను ఇరికించడానికి ఏం పాట్లు పడ్డారో మనకు ఏ క్లాసులోనూ చెప్పలేదు.

బాపు పేరు చెబితే మాత్రం అందరూ తలలూపారు. బొమ్మల బాపు, సినిమాల బాపు. అయితే ఆయన అక్షరాలు రాసిన తీరును డిజైన్ పాఠంగా చూసినవాళ్లు ఆ గదిలో లేరు. ఆయన చేతిరాత ఫాంటుగా మారి ఇవాళ్టికీ శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద కనిపిస్తూనే ఉంది. ఆ గీత చకచకా పోయినట్టుంటుంది, వరస కొంచెం ఎగుడుదిగుడుగా ఉంటుంది, అయినా ఏ అక్షరాన్నీ మరో అక్షరమని పొరబడం. అది ఎలా సాధ్యమైందో కూర్చుని చూస్తే ఒక సెమిస్టరుకు సరిపడా పాఠం ఉంది అందులో. హైదరాబాద్‌లో మన మధ్యే ఉండి పుస్తకాలకు అట్టలు వేసిన చంద్ర, మోహన్‌ల పని కూడా అలాంటిదే. మోహన్ 2017లో, చంద్ర 2021లో వెళ్లిపోయారు. వాళ్లు వేసిన అట్టలు పాత పుస్తకాల దుకాణాల్లో ఇంకా దొరుకుతున్నాయి. మన పిల్లలు పింటరెస్ట్‌లో చూసే వాటికంటే అవి దగ్గర్లోనే ఉన్నాయి.

## ఇంగ్లీషు అలవాట్లు తెలుగులో

ఇంగ్లీషు నేర్చిన కన్నుతో తెలుగు పేరిస్తే ఏమవుతుందో కొంచెం వివరంగా చెబుతాను. నా వాదనంతా దీని మీదే నిలబడింది.

ఇంగ్లీషులో శీర్షికకు బలం కావాలంటే అన్నీ పెద్దక్షరాలు చేసి మధ్యలో కాస్త ఎడం ఇస్తాం. తెలుగులో పెద్దక్షరాలు లేవు. ఇటాలిక్ సంప్రదాయం లేదు. సాఫ్ట్‌వేర్‌తో బలవంతంగా వంచితే అక్షరం తూలి పడిపోతున్నట్టు ఉంటుంది. ఏది ముందు చదవాలో, ఏది తర్వాతో చెప్పడానికి మన చేతిలో ఉన్నవి సైజు, మందం, రంగు, చుట్టూ వదిలే ఖాళీ. ఇంతే. వీటితోనే అంతా నడపాలి కాబట్టి వీటి మీద పట్టు ఇంకా ఎక్కువ కావాలి. అక్షరాల మధ్య ఎడం పెంచితే ఇంగ్లీషులో హుందాగా కనిపించేది తెలుగులో మాట ముక్కలైనట్టు కనిపిస్తుంది. నగరంలో కొత్తగా కట్టే అపార్ట్‌మెంట్ల హోర్డింగుల మీద ఇది రోజూ చూడొచ్చు.

నిలువుగా చూస్తే తెలుగు వరస ఎక్కువ చోటు అడుగుతుంది. పైన తలకట్టు, గుడి, ఏత్వం ఉంటాయి. కింద ఒత్తులుంటాయి. 'స్వాతంత్ర్యం'లో త కింద ఒకటి కాదు, రెండు ఒత్తులు కూర్చోవాలి. ఇంగ్లీషులో 10 పాయింట్ల అక్షరానికి 12 పాయింట్ల వరస మామూలు. తెలుగుకు అదే పెడితే పై వరసలోని ఒత్తు వచ్చి కింది వరసలోని గుడికి తగులుతుంది. ఫాంటును బట్టి 15 నుంచి 18 దాకా పోవాలి. అంత ఖాళీ ఇస్తే పేజీలు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది, క్లయింటు ఒప్పుకోడు. అప్పుడు ఏం తగ్గించాలి? సైజా, మాటలా, మార్జినా? ఆ నిర్ణయం తీసుకోవాల్సింది డిజైనరే.

మాటల పొడవు ఇంకో చిక్కు. మన మాటలు విభక్తులతో, క్రియలతో సాగుతాయి. 'మాట్లాడుకుంటున్నప్పుడల్లా' అన్న ఒక్క మాట సన్నటి కాలమ్‌లో వరసంతా తినేస్తుంది. దాన్ని రెండు వైపులా సమం చేయబోతే పక్క వరసలో రెండు మాటల మధ్య గండి పడుతుంది. ఎడమ వైపు మాత్రమే సమంగా ఉంచి కుడి వైపు వదిలేస్తే చాలాసార్లు సమస్య తీరుతుంది. కానీ వదిలేయడానికి క్లయింట్లు భయపడతారు, పని సగంలో ఆపేశారనుకుంటారు.

ఇక అక్షరాల సంగతి. ద, థ, ధ లకు తేడా ఒక చుక్క, ఒక చిన్న గీత. ప, ఫ, ష లు కూడా అంతే. బాగా బొద్దుగా ఉండే ఫాంటును చిన్న సైజులో వాడితే థ కడుపులో చుక్క పూడుకుపోతుంది. 'కథ' అని రాసింది 'కధ' అని చదువుకుంటారు. కథల పుస్తకం మీదైతే పాఠకుడు సర్దుకుంటాడు. మందు సీసా మీదో, పురుగుమందు డబ్బా మీదో అలా సర్దుకోమనడం అన్యాయం. మన ఫాంట్లు చాలావాటికి ఒకే మందం ఉంటుంది. బోల్డ్ లేకపోయినా బోల్డ్ బటన్ నొక్కితే సాఫ్ట్‌వేర్ గీత చుట్టూ ఇంకు పూసినట్టు లావు చేసి ఇచ్చేస్తుంది. సందులన్నీ పూడిపోయేది అక్కడే.

స్నేహితురాలు ఒకామె మాదాపూర్‌లో ఒక కంపెనీ యాప్‌కు తెలుగు వెర్షన్ చేసింది. ఇంగ్లీషులో 'సబ్మిట్' కోసం గీసిన బటన్‌లో అనువాదకులు పంపిన 'సమర్పించండి' పట్టలేదు. తెర మీద సగం మాట, పక్కన మూడు చుక్కలు. ఇంకో బటన్ మీద 'ధ్రువీకరించండి'లో ఒత్తు అడుగు తెగిపోయింది, ఎందుకంటే బటన్ ఎత్తు ఇంగ్లీషు లెక్కలో బిగించేశారు. పరీక్షించినవాళ్లంతా ఇంగ్లీషు వెర్షనే తెరిచారు కాబట్టి ఎవరికీ కనబడలేదు. ఆమె బటన్ ఎత్తు పెంచింది, 'సమర్పించండి' తీసేసి 'పంపండి' పెట్టించింది. మాటను కూడా డిజైనరే మార్చగలిగిందని గమనించండి. భాష చదవడం రాకపోతే మూడు చుక్కలను ఎలా దాచాలా అని చూసేది.

## ఆ బోర్డు

హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆస్పత్రి. లోపల దారి చూపించే బోర్డులన్నీ కొత్తగా చేయించారు. బాణాలు, రంగులు, ఇంగ్లీషు అక్షరాలు తీర్చిదిద్దినట్టున్నాయి. అత్యవసర విభాగం బోర్డు మీద తెలుగులో యవత్తు త కింద లేదు. త నెత్తిన పొల్లు గీత పెట్టి, పక్కన 'యవసర' విడిగా నిలబడింది. ఆ బోర్డు కింద ఒక పెద్దాయన, ఊరి నుంచి వచ్చినట్టున్నాడు, అక్షరం అక్షరం కూడబలుక్కుంటున్నాడు. చివరికి వాచ్‌మన్‌ని అడిగి లోపలికి పోయాడు.

ఇది ఎలా జరుగుతుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. భారతీయ లిపుల్లో అక్షరాన్నీ ఒత్తునూ కలిపి చూపించే ఏర్పాటు డిజైనర్లు వాడే అడోబీ సాఫ్ట్‌వేర్లలో ఉంది. పేజీలు పేర్చే ఇన్‌డిజైన్‌లో దాన్ని వరల్డ్ రెడీ కంపోజర్ అంటారు. అది ఆన్ చేయకుండా మాట తెచ్చి పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోతాయి. తెలుగు వచ్చినవాళ్లయితే ఒక్క చూపులో పట్టుకుంటారు. ఆ ఫైలు తయారు చేసినవాళ్లకు రాదు, ఆమోదించినవాళ్లు వేరే నగరంలో ఉన్నారు, కత్తిరించి అతికించినవాళ్లకు ఇచ్చింది ఇచ్చినట్టు చేయడమే పని. ఇంతమంది చేతులు దాటి వచ్చిన తప్పును ఆగిపోయి చదువుకునే ఆ పెద్దాయన మోశాడు. డిజైన్ అంటే సేవ అని మొదటి సంవత్సరం పాఠంలో చదువుకుంటామే, ఆ సేవ అవసరమైన మనిషి అక్కడ నిలబడి ఉన్నాడు. ఆ బోర్డు చూసిన రోజు నుంచి ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేకపోతున్నాను.

## మార్కెట్ ఉందా?

ఇప్పుడు ఆ అబ్బాయి ప్రశ్న. నిజం చెప్పాలి. తెలుగు పనికి ఇచ్చే డబ్బు తక్కువ. తెలుగు కంపోజింగ్ అనగానే పేజీకి ఇంత అని లెక్కగట్టే డీటీపీ (కంప్యూటర్లో టైపు చేసి పేజీలు పెట్టే) పని కిందే చూస్తారు. అదే మనిషి ఇంగ్లీషులో చేస్తే 'బ్రాండ్ డిజైన్' అంటారు, ధర మారుతుంది. హైటెక్ సిటీ చుట్టుపక్కల జీతాలు బాగుండే ఉద్యోగాల్లో రోజువారీ పని ఇంగ్లీషులోనే ఉంటుంది. తెలుగు నేర్చుకుంటే వెంటనే జీతం పెరుగుతుందని చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే.

అయినా చెబుతున్నాను, ఎందుకంటే ఇంకో వైపు కూడా ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్ల పైచిలుకు. వీళ్లందరి చేతుల్లోకీ ఇప్పుడు ఫోన్లొచ్చాయి. బ్యాంకు యాప్‌లు, కరెంటు బిల్లులు, విత్తనాల ప్యాకెట్లు, ఓటీటీ టైటిళ్లు, ఆరోగ్య పథకాల పోస్టర్లు, మెట్రో స్టేషన్ల బోర్డులు, స్కూలు పుస్తకాలు, అన్నిటికీ ఎవరో ఒకరు తెలుగు పేరుస్తూనే ఉన్నారు. పని ఉంది. దాన్ని డిజైన్ పనిగా గుర్తించి చేసేవాళ్లు తక్కువ.

2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరం ఐఫోన్లను ఆపేసిన సంగతి గుర్తుందా? ఒక ప్రత్యేకమైన వరసలో కోడ్ అయిన ఆ అక్షరం మెసేజ్‌లో వస్తే చాలు, యాప్ తెరుచుకునేది కాదు. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. కంప్యూటర్లన్నిటికీ ఉమ్మడి అక్షర సంకేతాల పద్ధతైన యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. అన్నేళ్ల తర్వాత కూడా అంత పెద్ద కంపెనీ మన ఒత్తుల దగ్గర తడబడింది. నాకు దీన్నుంచి అర్థమైంది ఏమిటంటే, తెర మీద తెలుగు పని ఇంకా పూర్తి కాలేదు. అక్షరం ఇలా ఉండాలి, ఇక్కడ కూర్చోవాలి అని చూపించగలిగేవాళ్ల అవసరం చిన్న ప్రెస్సులకే కాదు, పెద్ద కంపెనీలకూ ఉంది.

ఇంటర్వ్యూల్లో అవతలి వైపు కూర్చున్నప్పుడు నేను చూసింది కూడా చెబుతాను. ఇంగ్లీషు పోర్ట్‌ఫోలియోతో వచ్చే హైదరాబాద్ విద్యార్థి బెంగళూరు, ముంబై, అహ్మదాబాద్ పిల్లలందరితో పోటీపడుతున్నాడు. ఒకమ్మాయి సిటీ బస్సుల రూటు బోర్డులను తెలుగులో మళ్లీ గీసుకుని తెచ్చింది. కదిలే బస్సు మీద, చీకట్లో, దూరం నుంచి ఏ అక్షరాలు కలిసిపోతున్నాయో ఫొటోలు తీసి చూపించింది. మ, య లు దూరం నుంచి ఒకటేలా ఉన్నాయని కొమ్ము మధ్య ఖాళీ పెంచింది. ఆ గదిలో ఉన్నవాళ్లలో సగం మందికి తెలుగు రాదు, అయినా అందరికీ అర్థమైంది ఈ పిల్ల చూడటం నేర్చుకుందని. ఆమెకు ఉద్యోగం వచ్చింది. జీతం మాత్రం మిగతా ఫ్రెషర్లకు ఇచ్చినంతే ఇచ్చారు. మొదటి కొన్ని నెలలు బ్యానర్ల సైజులు మార్చడమే పని. తర్వాత ఒక తెలుగు క్యాంపెయిన్ వచ్చినప్పుడు, ఆమెను పిలవకుండా మీటింగ్ మొదలుపెట్టడం కుదరలేదు.

## నన్ను నేను అడుగుతున్న ప్రశ్నలు

ఇది భాషాభిమానమా? కొందరు అలాగే తీసుకుంటారని తెలుసు. నా ఉద్దేశం అది కాదు. ఆ క్లాసులో టోలిచౌకి నుంచి వచ్చే ఒకమ్మాయి ఉంది, ఇంట్లో ఉర్దూ, తెలుగు చదవడం కూడబలుక్కుంటేనే వస్తుంది. "నా సంగతేంటి అక్కా?" అంది. ఆమెకు నేను చెప్పింది ఛత్తా బజార్‌కు పొమ్మని. పాతబస్తీలో శుభలేఖలు అచ్చేసే ఆ వీధిలో ఉర్దూ రాసే నస్తాలీఖ్ లిపిని చేత్తో రాసిన కాతిబ్‌ల, అంటే రాతగాళ్ల, వారసత్వం ఉంది. ఇప్పుడు చాలావరకు ఇన్‌పేజ్ అనే ఉర్దూ సాఫ్ట్‌వేర్‌కు మారిపోయారు. ఆ లిపి ఇంగ్లీషుకూ తెలుగుకూ కూడా పూర్తిగా వేరు: కుడి నుంచి ఎడమకు ఏటవాలుగా దిగుతుంది. దాన్ని ఒక తెలుగు పేరు పక్కన, ఒక ఇంగ్లీషు పేరు పక్కన ఒకే బోర్డు మీద కుదురుగా నిలబెట్టగలిగితే ఈ నగరంలో అంతకన్నా పనికొచ్చే నేర్పు లేదు. మన వీధుల్లో మూడు నాలుగు లిపులు పక్కపక్కనే బతుకుతున్నాయి. ఎవరి లిపితో వాళ్లు మొదలుపెట్టాలి. అంతవరకే నేను అంటున్నది.

రెండో ప్రశ్న ఏఐ. దీని మీద నాకూ టెన్షన్ ఉంది. ఫ్రెషర్లకు ఇచ్చే మొదటి పనులు, అంటే ఒకే ప్రకటనను పది సైజుల్లోకి మార్చడం, ఫొటోలో వెనకున్నది తీసేయడం, పండుగ పోస్టులు చేయడం, ఇవన్నీ టూల్స్ చేసేస్తున్నాయి. మేం ఆ చిన్న పనులు చేస్తూనే సీనియర్ల పక్కన కూర్చుని కన్ను సంపాదించుకున్నాం. ఆ మెట్టే లేకుండా పోతే కొత్తవాళ్లు పైకి ఎలా ఎక్కుతారో నాకు నిజంగా బెంగగా ఉంది. బొమ్మ అడిగితే అద్భుతంగా ఇచ్చే టూల్స్ అందులో తెలుగు మాట రాయమంటే చాలాసార్లు అక్షరాల్లా కనిపించే వంకరగీతలు ఇచ్చాయి. దాన్ని చూపించి మీకు ధైర్యం చెప్పొచ్చు. చెప్పను. ఇంగ్లీషు అక్షరాలతో కూడా మొదట్లో అలాగే తడబడ్డాయి, తర్వాత సరిచేసుకున్నాయి. తెలుగూ వస్తుంది. వచ్చాక కూడా అది ఇచ్చిన నాలుగింటిలో ఏది చదవడానికి హాయిగా ఉందో, ఏ ఒత్తు తప్పుచోట కూర్చుందో, ఆస్పత్రి బోర్డుకు ఏది పనికిరాదో ఎవరో ఒకరు తేల్చాలి. ఆ తేల్చే మనిషికి ఎంత జీతం ఇస్తారో, అలాంటివాళ్లు ఎంతమంది కావాలో నేను చెప్పలేను. ఎంచుకునే చోట కూర్చోవాలంటే మాత్రం ముందు అక్షరాన్ని చేత్తో పేర్చి ఉండాలన్నది నా నమ్మకం.

మూడోది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది. తెలుగు పనికి తక్కువ డబ్బు ఇచ్చే చోట పిల్లలను ఆ పనిలోకి రమ్మనడం న్యాయమేనా? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇంగ్లీషు మానేయమని నేను ఎవరికీ చెప్పను. ఇంటి అద్దె కట్టే పని అదే అయితే అదే చేయండి. కానీ తెలుగు పని వచ్చినప్పుడు కొటేషన్‌లో దాన్ని 'అనువాదం అతికించడం' అని రాయకండి. టైప్‌సెట్టింగ్ అని విడిగా రాయండి, ఎన్ని గంటలో రాయండి, ప్రూఫ్ చూడటానికి విడిగా డబ్బు అడగండి. సగం అడ్వాన్సు తీసుకోకుండా మొదలుపెట్టకండి. ఇచ్చేవాళ్లు అడ్వాన్సు అడిగినా ఇస్తారు.

## ఎక్కడ మొదలుపెట్టాలి

ఆదివారం పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్‌కు వెళ్లండి. షట్టర్లు దించిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. పాత వారపత్రికలు, నవలలు కొనండి. లోపల కథ కోసం కాదు, అట్ట మీద చేత్తో రాసిన పేరు కోసం. ట్రేసింగ్ పేపరు పెట్టి గీయండి. తలకట్టు ఏ కోణంలో లేస్తోంది, జ, బ, ల లాంటి తలకట్టు లేని అక్షరాలు దాని పక్కన ఎలా నిలబడ్డాయి, గీత ఎక్కడ సన్నబడింది, ఇవి చేతికి తెలియాలి. బేగంబజార్‌లో, పాతబస్తీలో బ్రష్షుతో రాసిన బోర్డులు ఇంకా కొన్ని మిగిలాయి, ఫ్లెక్సీ వాటిని మింగేయకముందే ఫొటోలు తీసుకోండి. రాసిన పెయింటరు కనిపిస్తే కాసేపు కూర్చుని చూడనిమ్మని అడగండి.

ఫాంట్ల సంగతికి వస్తే, మేం మొదలుపెట్టినప్పటికంటే మీ పరిస్థితి ఎంతో మేలు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, మల్లన్న, రామభద్ర, సూరన్న లాంటివి ఉచితంగా ఉన్నాయి. పురుషోత్ కుమార్ గుత్తుల గీశారు, సిలికానాంధ్ర సంస్థ అందరికీ అందుబాటులోకి తెచ్చింది. ఇవన్నీ ఒకే మందం ఉన్నవి, కాబట్టి శీర్షికలకు వాడుకోండి. రకరకాల మందాలు కావాలంటే నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, హింద్ గుంటూరు చూడండి. కొత్త ఫాంటు తీసుకోగానే 'రాష్ట్రం', 'స్త్రీ', 'లక్ష్మి', 'జ్యోత్స్న', 'స్వాతంత్ర్యం' టైప్ చేసి చూడటం నా అలవాటు. ఈ ఐదూ సరిగ్గా నిలబడితే ఫాంటును ముందుకు తీసుకెళ్తాను, లేకపోతే అక్కడే ఆపేస్తాను.

ఒక్కరోజైనా ప్రెస్సులో గడపండి. చిక్కడపల్లిలోనో, నారాయణగూడలోనో ఏదో ఒక ఆఫ్‌సెట్ ప్రెస్సు పక్కన డీటీపీ సెంటరు ఉంటుంది. అక్కడ పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో ఇంకా పని నడుస్తూనే ఉంది. అవి యూనికోడ్ కావు. వాట్సాప్‌లో వచ్చిన మాటను కన్వర్టర్‌లో వేసి మార్చుకుంటారు, ఆ మార్పులో అప్పుడప్పుడు ఒక అక్షరం జారిపోతుంది. అలాంటి చోట పనిచేసే ఒకాయన ఒకసారి నా ప్రూఫు చేతిలోకి తీసుకుని అలా చూసి, "మేడమ్, గీ మూడో పేరాల రవత్తు పోయింది, సూడుండ్రి" అన్నాడు. చదవనే లేదు, చూశాడు, అంతే. ఆయన విజిటింగ్ కార్డు మీద డిజైనర్ అని ఉండదు. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ ఆయన దగ్గర లేదు. ఆయన కంటికి ఉన్న అలవాటు మీకు ఇంకా రాలేదు. ఆయనను అన్నా అని పిలిచి పక్కన కూర్చోండి, టీ తాగండి, ప్రశ్నలడగండి. కాగితం ఎన్ని జీఎస్ఎం (కాగితం బరువు లెక్క) ఉంటే వెనక అక్షరం కనబడుతుందో, నల్లటి నేల మీద తెల్లటి సన్నక్షరం అచ్చులో ఎందుకు పూడిపోతుందో, కటింగ్‌లో ఎంత పోతుందో చెప్పేది ఆయనే.

పోర్ట్‌ఫోలియోకి పచ్చళ్ల సీసా చేసిన ఆ అమ్మాయికి విడిగా కొన్ని మాటలు చెప్పి వచ్చాను, అవే ఇక్కడా రాస్తాను. మూడు తెలుగు పనులు పెట్టు. ఒకటి పొడుగాటి వచనం: మంచి కథ ఒకటి తీసుకుని ఎనిమిది పేజీలు పేర్చు, ఆ లైన్ స్పేసింగ్ ఎందుకు పెట్టావో పక్కన రాయి. రెండోది రెండు లిపుల బోర్డో, లేబులో: తెలుగు, ఇంగ్లీషు ఒకే పాయింట్ సైజులో పెట్టి వదిలేయకు, కంటికి సమంగా కనిపించేదాకా ఒకదాన్ని పెంచి తగ్గించు, ఆ ముందూ వెనకా రెండూ చూపించు. మూడోది ఫోను తెర: అందులో పొడుగు మాటలున్న బటన్లే ఉండాలి, తేలికైనవి ఏరుకోకు. ప్రతిదాని కింద ఫాంటు పేరు, గీసినవాళ్ల పేరు, లైసెన్సు రాయి. పైరసీ ఫాంటు వాడితే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు తెలిసిపోతుంది. ఫైలు ప్రెస్సుకు పంపేముందు అక్షరాలను అవుట్‌లైన్లుగా, అంటే ఉత్త గీతల బొమ్మలుగా, మారుస్తావు కదా, మార్చాక దిద్దడం కుదరదు, కాబట్టి అంతకుముందే తెలుగు బాగా చదివే మనిషితో, వీలైతే మీ అమ్మమ్మతోనే, పైకి గట్టిగా చదివించు. ఎక్కడ ఆగుతారో పెన్సిలుతో గుర్తు పెట్టుకో.